42 ఏండ్లకు ఈవీ మెకానిక్ పని నేర్చుకోవచ్చా?

హనుమకొండ నుంచి ఒకన్న అడిగిండు: "నాకు 42 ఏండ్లు, టెన్త్ పాసైన, టూవీలర్ మెకానిక్ షాపు ఉంది. బీఎస్-6 బండ్లు కూడ స్కానర్ పెట్టి చేస్త. ఇప్పుడు ఛార్జింగ్ బండ్లు ఎక్కువైతున్నయి. ఇంటర్ చదివే కొడుకు 'డాడీ, ఈవీ పని నేర్చుకో' అంటుండు. ఈ వయసుల పోరగాండ్ల పక్కన కూసోని నేర్చుకోవాలంటే మనసొప్పుతలేదు. షాపు మూసి వేరే బిజినెస్ పెట్టాల్నా?"

అన్నా, షాపు మాత్రం మూయకండి. 2020 ఏప్రిల్‌ల బండ్ల పొగ తగ్గించే బీఎస్-6 రూల్ వచ్చినప్పుడు చాలా బండ్లల్ల కార్బొరేటర్ పోయి ఇంజెక్టర్, సెన్సార్లు వచ్చినయి, ఆ పని మీకు ఎవరూ బడిల చెప్పలే, చేస్కుంట నేర్చుకున్నరు, మరి ఇదెందుకు రాదు?

బీఎస్-6 బండిల థ్రాటిల్ సెన్సార్ చెక్ చేస్తరు కదా, మూడు వైర్లు, ఒకదాంట్ల 5 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. చాలా ఈవీలల్ల యాక్సిలేటర్ గూడ గంతే, మెల్లగ తిప్పుకుంట మల్టీమీటర్‌ల చూస్తే సిగ్నల్ వోల్టేజి మెల్లగ పెరగాలె, దుంకితే అది పోయినట్టు. బండి ఆన్ అయితది గానీ కదలదు అని తెస్తే ముందు బ్రేక్ లివర్ స్విచ్ చూడండి, అది ఇరుక్కున్నా మోటార్‌కు పవర్ కట్ అయితది. ఇవన్నీ మీ చేతికి అలవాటైన పనులే. బ్యాటరీ ప్యాక్ మాత్రం ట్రైనింగ్ లేకుంట విప్పొద్దు, లోపల లిథియం సెల్స్ షార్ట్ అయితే మంటలొస్తయి, ఈ ఒక్క దాంట్ల ధైర్యం చేయకండి.

గిరాకీ గురించి భయపడకండి. 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా మన తెలంగాణల ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ పెట్టిండ్రు. అట్ల కొన్న బండ్లు వారంటీ ఉన్నన్ని రోజులు షోరూంకే పోతయి, అయినంక గల్లీ షాపుకే వస్తయి, అప్పటికి మీరు రెడీగ ఉండాలె.

ఇగ సిగ్గు సంగతి, నాకైతే అసలు అడ్డం ఇదే అనిపిస్తున్నది. ఇంటి మొగోడు అన్నీ తెలిసినట్టే ఉండాలె అని చిన్నప్పటి నుంచి మన తలల నూరిపోసిండ్రు, అందుకే కొడుకు ముంగట "నాకు తెల్వదు" అనుడు మస్తు కష్టం. అయినా అడగండి, కరెంటు, వోల్టేజి లెక్క వాని ఫిజిక్స్ పుస్తకంల ఉంటది, రాత్రి అన్నం తిన్నంక చెప్పమనండి. వాడు నవ్వడు, సంబురపడతడు.

కోర్సు అంటే, రాష్ట్రంల 65 గవర్నమెంట్ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తోని కలిసి ఏటీసీలుగ, అంటే అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగ మారుస్తున్నరు, అందుల ఈవీ మెకానిక్ ట్రేడ్ ఉంది గానీ అది రెండేండ్లది, ఇల్లు నడవాలె కాబట్టి మీకు వద్దు. షార్ట్ టర్మ్ కోర్సులు గూడ ఉన్నయి, ములుగు రోడ్డు ఐటీఐకి పోయి ఏం నడుస్తున్నయో, టైమింగ్స్ ఏందో అడగండి. పోయేటప్పుడు కొడుకును గూడ తీస్కపోండి, ఆ రెండేండ్ల ట్రేడ్ గురించి వాడు గూడ తెలుసుకుంటడు.