నీళ్ళున్నా క్యాప్సికం ఎందుకు వాడిపోతోంది?

ప్రశ్న: హొసకోటె దగ్గర 10 గుంటల పాలీహౌస్‌లో క్యాప్సికం వేశాను. నాటి 70 రోజులైంది. బెడ్లు తడిగానే ఉన్నా మధ్యాహ్నం మొక్కలు వాడుతున్నాయి, సాయంత్రానికి తేరుకుంటున్నాయి. ముదురాకుల అంచులు మాడుతున్నాయి. ఎండు తెగులని దుకాణంలో చెబితే కాపర్ ఆక్సీక్లోరైడ్ మూడుసార్లు మొదళ్ళలో పోశాను. రోజు విడిచి రోజు 2,000 లీటర్ల నీటిలో 19:19:19 నాలుగు కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ రెండు కిలోలు డ్రిప్పులో ఇస్తున్నాను. ఎరువు పూర్తిగా కరుగుతోంది, నీళ్ళు తేటగా ఉన్నాయి. బోరు నీటి ఈసీ (కరిగిన ఉప్పెంతో తెలిపే విద్యుత్ వాహకత) 1.2. ఇంకే మందు కొట్టాలి?
– ఒక రైతు, బెంగళూరు గ్రామీణ జిల్లా

జవాబు: ఏ మందూ వద్దు. ఇది ఎండు తెగులు కాదు. తెగులైతే మొదట్లో కొన్నాళ్ళు సాయంత్రం తేరుకున్నా, తర్వాత మొక్క లేచి నిలబడదు. అనుమానం తీరకపోతే వాడిన మొక్క కాండాన్ని మొదట్లో కోసి, గాజు గ్లాసు నీటిలో నిలబెట్టండి. పాలలాంటి తీగ దిగితే బాక్టీరియా తెగులు. తీగ దిగకుండా కాండం లోపల గోధుమ రంగు చారలుంటే శిలీంధ్రం. రెండూ లేకపోతే కాపర్ డబ్బా అటకెక్కించండి.

మీ మొక్కలకు ఉన్నది దాహం. చుట్టూ నీళ్ళున్నా తాగలేకపోతున్నాయి. నీళ్ళు తేటగా ఉన్నాయని రాశారు, చిక్కంతా అక్కడే ఉంది. కరిగిన ఉప్పు కంటికి కనబడదు, కానీ నీటి స్వభావాన్ని మార్చేస్తుంది. మీ ఇంట్లో మాగాయ పెడతారు కదా! మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే మూడో రోజుకు ముక్క వడిలిపోయి, జాడీ అడుగున ఊట నిలుస్తుంది. పలచని వైపు నుంచి చిక్కని వైపుకు నీరు నడుస్తుంది. మీ బెడ్‌లో ఆ ముక్క స్థానంలో వేరు ఉంది.

కరిగిందేమిటన్న దానికన్నా ఎన్ని రేణువులుగా (అయాన్లుగా) విడిపోయిందన్నదే ఇక్కడ లెక్క. ఒకే మోతాదు పొటాషియం ఇవ్వడానికి మ్యూరేట్ నీటిలో నాలుగు రేణువులను వదిలితే, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మూడింటినే వదులుతుంది. పైగా మ్యూరేట్‌లో క్లోరైడ్ కూడా ఉంది, ఆకు అంచు మాడడంలో దాని పాత్ర తక్కువేమీ కాదు. (బెల్లం పాకం 100 డిగ్రీల దగ్గర ఆగక 115 దాటేదాకా ఉడకడానికీ కారణం ఇదే: కరిగింది ఎక్కువయ్యే కొద్దీ నీరు ఆవిరిగా బయటపడడం కష్టమవుతుంది.)

ఇక మీ లెక్క చూద్దాం. మీరు లీటరుకు మూడు గ్రాములు కలుపుతున్నారు. ఇలాంటి ఎరువు గ్రాము కలిపితే ఈసీ ఇంచుమించు ఒకటి పెరుగుతుంది, మ్యూరేట్ అయితే ఇంకా ఎక్కువ. బోరు నీటి 1.2 దానికి చేర్చండి, డ్రిప్పులో పారేది నాలుగు దాటింది. ఈసీ నాలుగున్న నీటిని లాగాలంటే వేరు సుమారు 1.4 బార్ల పీడనాన్ని అదనంగా ఎదిరించాలి. 14 మీటర్ల లోతు నుంచి తోడినంత పని. మధ్యాహ్నానికి మట్టిలో సగం నీరు ఆవిరైతే ఉప్పు ఎక్కడికీ పోదు, గాఢత రెట్టింపవుతుంది. దిగుబడి తగ్గకుండా క్యాప్సికం తట్టుకునే మట్టి ఈసీ 1.5 మాత్రమే. పాలీహౌస్‌లో వాన పడదు, కడిగే నాథుడు లేడు. డ్రిప్పర్ల మధ్య తెల్లని పొర కట్టిందేమో చూడండి.

పన్నెండు రోజులు ఎరువు పూర్తిగా ఆపండి. బెడ్ చదరపు మీటరుకు మొత్తం 150 లీటర్ల చొప్పున బోరు నీటినే, రోజు విడిచి రోజు 25 లీటర్ల వంతున ఆరు తడులుగా ఇవ్వండి. పైనుంచి ఒక అడుగు లోతు మట్టిలోని ఉప్పులో దాదాపు సగం కిందికి దిగుతుంది. ఒక్కసారే ముంచెత్తితే ఈసారి నిజంగానే వేరుకుళ్ళు వస్తుంది. నీరు పోయే కాలువలు ముందు చూసుకోండి.

ఆ తర్వాత లీటరుకు గ్రాముకు మించి కలపవద్దు, డ్రిప్పర్ దగ్గర ఈసీ 2.2 దాటకూడదు. పొటాష్‌ను సల్ఫేట్ రూపంలోనే వాడండి. కాల్షియం నైట్రేట్‌ను దానితో ఒకే ట్యాంకులో కలిపితే జిప్సం దిగి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. రోజూ ఇచ్చే నీటిలో అయిదో వంతు అదనంగా ఇవ్వండి, ఉప్పు మళ్ళీ పేరుకోకుండా.

అన్ని పాలీహౌస్‌ల వారికీ నేను ఒకే పాట పాడుతుంటాను: జేబులో పట్టే ఈసీ మీటరు కొనండి. మూడు సార్లు పోసిన కాపర్‌కు పెట్టిన ఖర్చు దాని మీద పెట్టండి. ఒక్క హెచ్చరిక: యూరియాను మీటరు పట్టుకోదు. అది నీటిలో అయాన్లుగా విడిపోదు కనుక అంకె కదలదు, వేరు మీద భారం మాత్రం పడుతుంది. మట్టిని, నీటిని హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్‌లో గానీ వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకేలో గానీ పరీక్ష చేయించండి. దుకాణదారుకు మీ బోరు నీటి ఈసీ ఎంతో చెప్పారా? చెప్పినా, అడిగే అలవాటు ఆయనకు లేదని మందుల జాబితా చూస్తేనే తెలుస్తోంది. ఆకు మాడితే మందు, వాడితే మందు, మందు పడక మాడితే ఇంకో మందు.

మరో మాట. మీ పైకప్పు వెయ్యి చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వాన పడితే వెయ్యి లీటర్ల నీరు, దాదాపు ఉప్పే లేనిది. గట్టర్లు కట్టి గుంటలో నిలిపి, బోరు నీటిలో సగానికి సగం కలిపితే 1.2 కాస్తా 0.6కు దిగుతుంది. మిగిలిన మ్యూరేట్ పారేయకండి, వానలప్పుడు బయట రాగి చేనుకు వేసుకోవచ్చు. అక్కడ కడగడానికి వానలున్నాయి.