అవ్వ చేతికి రిమోట్ ఇచ్చి చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మామ ఆశీస్సులు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర వీడియో ఎడిటింగ్ అయిపోయిందనీ, గంటా నలభై నిమిషాలు వచ్చిందనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పెన్ డ్రైవ్‌లో వేసిద్దామని నువ్వంటే, అవ్వ మాత్రం డీవీడీనే కావాలందట. అవ్వ అడిగింది న్యాయమే. పెన్ డ్రైవ్‌ను ఇంట్లో ఎవరో ఒకరు సినిమా ఎక్కించుకోవడానికి తీసుకెళ్ళి, ఉన్నదంతా చెరిపేస్తారు. డిస్కు మీద ఒకసారి రాస్తే ఇక దాన్నెవరూ కదిలించలేరు. అయినా పెన్ డ్రైవ్‌లోనూ ఒక కాపీ ఇవ్వు. డీవీడీలో బొమ్మ 720 బై 576 మాత్రమే కాబట్టి, నువ్వు హెచ్‌డీలో తీసిన స్పష్టత అందులో రాదు.

మెనూ గురించి, అంటే డిస్కు వెయ్యగానే తెర మీద వచ్చే బటన్ల పేజీ గురించి, కాస్త ఎక్కువే చెప్తాను. అందరూ అశ్రద్ధ చేసేది దాన్నే.

ఒకసారి చిత్తూరులో ఒక పెళ్ళికి డీవీడీ చేసిచ్చాను. వెనక కుంకుమ రంగు, దాని మీద బంగారు అక్షరాలు, బటన్ మీదికి వెళ్తే అక్షరం వెనక మెరూన్ పట్టీ రావాలి. నా మానిటర్‌లో ముచ్చటగా ఉంది. వాళ్ళింట్లో టీవీకి పెట్టి, పెళ్ళికూతురు నాయనమ్మ చేతికి రిమోట్ ఇచ్చారు. ఆమె కింది బాణం నొక్కింది, మళ్ళీ నొక్కింది. తెర మీద ఏదీ కదిలినట్టు లేదు. బ్యాటరీలు అయిపోయాయేమోనని వాటిని బయటికి తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ వేసి నొక్కింది. నిజానికి మొదటిసారే బటన్ మారింది. ఆ టీవీలో రెండు ఎరుపులూ ఒకటిగా కనబడుతున్నాయంతే. తప్పు నాది, ఇబ్బంది పడింది ఆ పెద్దావిడ. అప్పటి నుంచి నేను మెనూని మానిటర్ దగ్గర కాదు, టీవీకి పది అడుగుల దూరంలో కూర్చుని చూసి ఒప్పుకుంటున్నాను.

డీవీడీ మెనూలో బటన్ వెలుగు అసలు వీడియోలో భాగం కాదు. దాని మీద పరిచే ఒక పల్చటి పొర. ఆ పొరకు నాలుగు రంగులకు మించి ఉండవు, అంచులు నునుపుగా రావు. ఇంగ్లీషు పెద్దక్షరాలకైతే ఎలాగో సరిపోతుంది గానీ, మన ఒత్తులూ గుడులూ ఆ పొరలో రంపపు పళ్ళలా కనిపిస్తాయి. అందుకని అక్షరాన్ని వెలిగించకు. అక్షరాలను వెనక బొమ్మలోనే శుభ్రంగా రాసేసి, పక్కన ఒక పసుపు బొట్టు వెలిగేలా పెట్టు. జాతర డిస్కుకు అంతకన్నా తగిన గుర్తు ఇంకేముంటుంది? ఒత్తులు విడిపోయాయేమో మాత్రం ఒక్కో పేరూ కూడబలుక్కుని చూడు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో తెలుగు సరిగ్గా కూర్చుకోదు. అలాంటప్పుడు పేర్లను ఫోటోషాప్‌లో రాసి, బొమ్మగా మార్చి తెచ్చుకోవాలి.

జాతరలో రోజుకొక వేషం కడతారు కదా, రంగులు నీకు అవే ఇస్తాయి. బైరాగి వేషానికి నామకొమ్ము తెలుపు, బండ వేషానికి కుంకుమ ఎరుపు, తోటి వేషానికి బొగ్గు నలుపు. ఆ మూడు బటన్లకూ ఆ రోజుల ఫోటోలే చిన్నగా పెట్టు. తర్వాత దొర, మాతంగి, సున్నపు కుండలు. జాతర మొదలైందని చెప్పే చాటింపుతో కలిపి ఏడు, ‘మొత్తం చూడండి’తో ఎనిమిది బటన్లు. ఒక తెరకు ఎనిమిదే ఎక్కువ. ఇంకా పెట్టాలనిపిస్తే రెండో పేజీ చెయ్యి. నాలుగు పక్కలా పదో వంతు ఖాళీ వదులు, పాత టీవీలు అంచులు మింగేస్తాయి. సన్నటి అడ్డగీతలు గీయకు, టీవీలో అవి వణుకుతాయి.

వేషానికొక టైమ్‌లైన్, అంటే వీడియో ముక్కల వరుస, విడిగా చేసుకో. అంతా ఒకే టైమ్‌లైన్‌లో పెట్టి, నేరుగా దూకే గుర్తులుగా చాప్టర్లు వేస్తే, అవ్వ మాతంగి నొక్కినప్పుడు అది అయిపోయి తర్వాతిది దానంతటదే మొదలవుతుంది. విడిగా ఉంటే అయిపోగానే మెనూకి వచ్చేలా పెట్టొచ్చు. ‘మొత్తం చూడండి’ కోసం వాటన్నిటినీ ఒక ప్లేలిస్టుగా గుచ్చుకోవచ్చు. ఒకే వేషంలో లోపల చాప్టర్ కావాలంటే, ఎన్‌కోడ్ చెయ్యకముందే, అంటే డీవీడీ రూపంలోకి మార్చకముందే, ఎడిటింగ్‌లో మార్కర్ పెట్టు. తర్వాత పెడితే సరిగ్గా ఆ ఫ్రేములో దిగదు, అర సెకను అటూ ఇటూ పోతుంది. మెనూలో ముప్ఫై సెకన్ల డప్పు చాలు. దెబ్బ పడేచోట కత్తిరించు, మళ్ళీ మొదలైనప్పుడు అతుకు అంతగా తెలియదు. ఎవరూ ఏమీ నొక్కకపోతే కాసేపటికి మొత్తం వీడియో దానంతటదే మొదలయ్యేలా పెట్టు. రిమోట్ అంటే భయపడే పెద్దవాళ్ళకు అది ఎంతో మేలు.

ఇక లెక్క. మామూలు డిస్కు 4.7 జీబీ అంటారు గానీ విండోస్ కంప్యూటర్ దాన్నే 4.37 అని చూపిస్తుంది. ఫైలు 4.5 వచ్చింది కదా పడుతుందిలే అనుకుని చాలామంది దెబ్బతింటారు. నేను వాడే సూత్రం ఒకటే: 600ని నిమిషాలతో భాగిస్తే సెకనుకు ఎన్ని మెగాబిట్లు పెట్టొచ్చో తెలుస్తుంది. నీది 100 నిమిషాలు కాబట్టి సెకనుకు 6 మెగాబిట్లు వస్తుంది. ఆడియోకూ మెనూలకూ కొంత తీసేసి వీడియోకు 5.5 పెట్టు, రెండు పాసుల వీబీఆర్ ఎంచుకో; వీడియోను రెండుసార్లు చూసి, కదలిక ఎక్కువున్నచోట ఎక్కువ బిట్లు ఇచ్చే పద్ధతి అది. జాతర అంటే జనం, వేపమండలు, పరుగులు. తెరంతా కదులుతూనే ఉంటుంది. అలాంటిచోట బిట్లు చాలకపోతే ముఖాలు గళ్ళుగళ్ళుగా పగిలిపోతాయి. ఆడియో డాల్బీలో సెకనుకు 192 కిలోబిట్లు చాలు. కుదించని పీసీఎం పెడితే ఒక్క ఆడియోకే 1.5 మెగాబిట్లు పోతాయి.

ఫోన్‌తో తీసిన ముక్కలు మామూలుగా సెకనుకు 30 ఫ్రేముల్లో ఉంటాయి, మన దేశంలో వాడే పాల్ పద్ధతి డీవీడీ 25. మార్చినప్పుడు కెమెరా పక్కకు తిరిగే చోట్ల కుదుపు కనిపిస్తుంది, అవి ఓసారి చూసుకో. వచ్చే ఏడు ముందే కెమెరాలో 25 పెట్టుకుని వెళ్ళు.

తిన్నగా డిస్కు మీద రాయకు. ముందు కంప్యూటర్‌లోనే వీడియో_టీఎస్ అనే డీవీడీ ఫోల్డర్‌గా తీసి, వీఎల్‌సీ ప్లేయర్‌లో అన్ని బటన్లూ నొక్కి చూడు. ముఖ్యంగా బాణాలు. కింది బాణం నొక్కితే కింది బటన్‌కే వెళ్తోందా లేదా అన్నది సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే ఒక్కోసారి అడ్డదిడ్డంగా కలుపుతుంది. తర్వాత మంచి డిస్కు ఒకటి కొని, 4ఎక్స్ వేగంలోనో 8ఎక్స్ వేగంలోనో నెమ్మదిగా రాయి. మీద కాగితం స్టిక్కర్ అంటించకు. అది ఉబ్బితే డిస్కు వంగుతుంది, ప్లేయర్ చదవదు. డిస్కుల కోసమే అమ్మే మార్కర్‌తో పేరు రాస్తే చాలు, బాల్ పెన్ను వద్దు.

ఆ ఒక్క డిస్కునే ముందు అవ్వకివ్వు. నువ్వు పక్కన కూర్చో, ఏం నొక్కాలో చెప్పొద్దు. ఎక్కడ ఆగిందో, ఎక్కడ రెండుసార్లు నొక్కిందో కాగితం మీద రాసుకో. అవి సరిచేశాకే మిగతా కాపీలు తియ్యి. మా ఇంట్లో పాత ప్లేయర్ ఒకటుంది, కొత్తవాటిలో ఆడేవి కూడా దానిలో మొరాయిస్తాయి. ఆదివారం వస్తూ తెస్తాను, అందులోనూ వేసి చూద్దాం.

ఇట్లు,
మీ మామ