పేరు తిరగేసి వేయించుకున్న పనివాడు

ప్రశ్న: పాత సాహస కథలకు 'పెద్దలకు మాత్రమే' పేరడీలు తీశారట కదండీ. వాటిలో చెప్పుకోదగ్గది ఏమైనా ఉందా, అంతా చవకబారు సరుకేనా?

జవాబు: చవకబారు సరుకే, అందులో మొహమాటమేం లేదు. 1974 నాటి 'ఫ్లెష్ గోర్డాన్'నే తీసుకోండి. కథ కోసం కూర్చుంటే కాసేపటికే ఆవలింతలొస్తాయి. నేను చూసింది మాత్రం అందులోని రాక్షసుల కోసం. బొమ్మను ఇసుమంత కదపడం, ఒక ఫ్రేము తీయడం, మళ్లీ కదపడం! ఇంత ఓపిక ఆ బూతు సినిమాకెందుకు పోశారా అనిపిస్తుంది. పోసినవాళ్లలో డెనిస్ మ్యూరెన్, గ్రెగ్ జీన్ ఉన్నారు. 1977లో మ్యూరెన్ 'స్టార్ వార్స్'కి పనిచేశాడు. 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్' సినిమాలో ఆకాశం నుంచి దిగే గ్రహాంతరవాసుల పెద్ద నౌక నమూనా కట్టింది జీన్ బృందమే. వాళ్లతోపాటు పనిచేసిన జిమ్ డాన్‌ఫోర్త్ అప్పటికే పేరున్నవాడు కాబట్టి టైటిల్స్‌లో తన పేరును వెనక నుంచి ముందుకు రాయించుకున్నాడు. సినిమా మొత్తంలో నాకు బాగా నవ్వొచ్చింది అక్కడే.

దీనికి మూలమైన 'ఫ్లాష్ గోర్డాన్' అలెక్స్ రేమండ్ 1934లో మొదలుపెట్టిన బొమ్మల కథ. 1936లో 13 భాగాల సినిమా సీరియల్‌గా వచ్చింది. అందులో మాత్రం తక్కువేముంది? చాలీచాలని బట్టల్లో నాయిక, ఆమెను పెళ్లాడి తీరతానని విలన్ మింగ్ చక్రవర్తి పంతం. పిల్లల సినిమా అనుకుంటూ పెద్దలు చూసీచూడనట్టు వదిలేసినదాన్నే పేరడీవాళ్లు బజారుకీడ్చారు. నా దృష్టిలో వీటి విలువ అంతవరకే.

కోర్టులకెక్కినవీ ఉన్నాయి. బెల్జియం కార్టూనిస్టు పిషా 1975లో టార్జాన్‌ని వెక్కిరిస్తూ 'టార్జూన్' అనే కార్టూన్ సినిమా తీస్తే, మూల రచయిత బరోస్ వారసులు దావా వేశారు. అమెరికాలో విడుదలయ్యేసరికి 'టార్జూన్' అన్న మాటే ఎగిరిపోయి 'షేమ్ ఆఫ్ ద జంగిల్' మిగిలింది. తమాషా ఏమిటంటే, ఇంగ్లీషులో ఆ వెక్కిరింత వీరుడికి గొంతు ఇచ్చింది జానీ వైస్‌ముల్లర్ జూనియర్. తండ్రి 12 సినిమాల్లో అసలు టార్జాన్!

మూలం తెలియనివాడికి పేరడీ నవ్వు తెప్పించదు. మీరు చూడదలిస్తే ముందు 1936 సీరియల్ రెండు భాగాలు చూడండి, ఆ తర్వాతే 'ఫ్లెష్ గోర్డాన్'. అదీ పిల్లలు నిద్రపోయాక.