నా గురించి నాకన్నా నా ఫోన్‌కే ఎక్కువ తెలుసా?

తెలియదు. ఫోన్‌కు తెలిసేది మీరు ఏం చేశారో మాత్రమే. ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగారు, దేన్ని దాటేశారు అన్న లెక్కలు కట్టి, అలాంటి అలవాట్లే ఉన్న లక్షల మందితో పోల్చి, తర్వాత ఏం చూస్తారో యాప్‌లు అంచనా వేస్తాయి. ఎందుకు ఆగారో వాటికి తెలియదు. నిద్ర పట్టక రాత్రి రెండింటికి చూసిన వీడియో కూడా వాటి లెక్కలో మీ ఇష్టమే.

అర్థం చేసుకున్నట్టు కనిపించడం యంత్రానికి పెద్ద కష్టమేమీ కాదు. 1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే, మనిషితో సంభాషించే కంప్యూటర్ ప్రోగ్రామ్ గురించి ప్రకటించారు. మనం టైప్ చేసిన మాటల్నే కాస్త తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతే. దాన్ని ఆయన తయారు చేస్తుండగా నెలల తరబడి దగ్గరుండి చూసిన సెక్రటరీ కూడా, దానితో మాట్లాడటం మొదలుపెట్టిన కాసేపటికే ఆయన్ని గదిలోంచి వెళ్లమన్నారట. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. మన మాట వినేవాళ్లు కావాలన్న ఆకలి అంత లోతైనది.

అందుకే ఫోన్ తీసే ముందు ఒక్క క్షణం ఆగి, ఇప్పుడు నాకున్నది విసుగా, టెన్షనా, ఒంటరితనమా అని అడిగి చూసుకోండి. ఒంటరితనమైతే, స్క్రోల్ చేయడం మాని మీకు నచ్చిన మనిషికి ఫోన్ చేయండి.