టెక్ సందేహాలు: శాంప్లర్‌లో డప్పు యంత్రంలా మోగుతుంటే

ప్రశ్న: మా ఊరి కళాకారుడి చేత డప్పు దెబ్బలు విడివిడిగా కొట్టించి రికార్డు చేశాను. వాటితో ఎస్‌ఎఫ్‌జెడ్ ఫైలు (ఏ కీకి ఏ రికార్డింగు మోగాలో చెప్పే టెక్స్ట్ ఫైలు) రాసి, స్ఫోర్జాండో అనే శాంప్లర్‌లో, అంటే కీ నొక్కితే రికార్డింగును వినిపించే సాఫ్ట్‌వేర్‌లో, వాయిస్తున్నాను. ఒక్కో దెబ్బ బాగానే ఉంది కానీ, వేగం పెంచితే టైపు మిషన్ కొట్టినట్టుంది. ఇది సాఫ్ట్‌వేర్ లోపమా?

జవాబు: లోపం సాఫ్ట్‌వేర్‌ది కాదు. కళాకారుడు ఒకే దెబ్బను పదిసార్లు కొట్టినా పుల్ల తోలుపై పడే చోటు, కోణం, బలం ప్రతిసారీ కొద్దిగా మారతాయి. మీ శాంప్లర్ మాత్రం ఒకే రికార్డింగును అక్షరం పొల్లుపోకుండా మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది.

దీనికి మందు రౌండ్ రాబిన్, అంటే రికార్డింగులను వంతులవారీగా మోగించడం. ఒకే దెబ్బను ఒకే బలంతో అయిదుసార్లు రికార్డు చేసి, ఆ అయిదింటినీ ఒకే కీకి కేటాయించండి. ఎస్‌ఎఫ్‌జెడ్ ఫైలులో ఆ అయిదింటికీ ఉమ్మడిగా ఉండే గ్రూపులో సీక్ అండర్‌స్కోర్ లెంగ్త్ విలువను 5గా రాసి, ఒక్కో రీజియన్‌కు (ఒక్కో రికార్డింగుకు రాసే భాగానికి) సీక్ అండర్‌స్కోర్ పొజిషన్‌ను వరుసగా 1 నుంచి 5 వరకు ఇస్తే, కీ నొక్కిన ప్రతిసారీ తర్వాతి రికార్డింగు మోగుతుంది. ఇవి రాయడం మరిచిపోతే అయిదూ ఒకేసారి మోగి చెవులు అదిరిపోతాయి.

నాలుగు కాకుండా అయిదు ఎందుకంటే, ఆవృతానికి (తాళం ఒక చుట్టుకు) 16 దెబ్బలుండే వరసలో నాలుగే రికార్డింగులుంటే ప్రతి ఆవృతంలోనూ మొదటి దెబ్బకు మొదటి రికార్డింగే వస్తుంది, అలా పాత జబ్బే కొత్త రూపంలో తిరిగొస్తుంది. అయిదుంటే అదే అమరిక మళ్లీ రావడానికి 80 దెబ్బలు, అంటే అయిదు ఆవృతాలు పడుతుంది. లోరాండ్, హైరాండ్ విలువలతో యాదృచ్ఛికంగానూ ఎంపిక చేయించవచ్చు గానీ, అప్పుడు ఒకే రికార్డింగు వెంటవెంటనే రెండుసార్లు పడే అవకాశం ఉంటుంది కాబట్టి డప్పుకు నేను వరుస పద్ధతినే ఇష్టపడతాను.

డప్పు విషయంలో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. కుడిచేతి సిర్ర (లావు పుల్ల) దెబ్బనూ ఎడమచేతి సన్న పుల్ల దెబ్బనూ ఒకే వరుసలో కలపకండి. అవి ఒకే దెబ్బకు రూపాంతరాలు కావు, వేర్వేరు ధ్వనులు, కాబట్టి వాటికి వేర్వేరు కీలు ఇవ్వాలి. రెండోది, మంట దగ్గర కాచిన డప్పు చల్లారేకొద్దీ తోలు వదులై శ్రుతి దిగిపోతుంది. మొదటి దెబ్బ కాచిన వెంటనే, అయిదోది అరగంట తర్వాత రికార్డు చేస్తే వరుసలో ఆ ఒక్కటీ దిగజారి వినిపిస్తుంది. ఒక దెబ్బకు కావలసిన అయిదు రికార్డింగులూ ఒకే కాపులో పూర్తి చేసి, మళ్లీ కాచి, ఆ తర్వాతే రెండో దెబ్బకు వెళ్లండి. కత్తిరించేటప్పుడు ప్రతి ఫైలూ దెబ్బ పడిన క్షణానే మొదలవ్వాలి. ముందు మిగిలిన నిశ్శబ్దం ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటే లయ తడబడుతుంది.

మళ్లీ రికార్డు చేసే వీలు లేకపోతే, ఉన్న ఒక్క ఫైలుకే శ్రుతిని కొద్దిగా అటూఇటూ మార్చే పిచ్ అండర్‌స్కోర్ రాండమ్‌ను 10 సెంట్లకు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరోవంతు), శబ్ద తీవ్రతను అలాగే మార్చే యాంప్ అండర్‌స్కోర్ రాండమ్‌ను 2 డెసిబెల్స్‌కు పెట్టండి. యాంత్రికత కొంత తగ్గుతుంది కానీ, పుల్ల పడిన చోటు మారినప్పుడు వచ్చే నాదభేదం మాత్రం ఇందులో రాదు.