బెంగళూరు వెళ్తున్న మేనకోడలికి

ప్రియమైన సౌజన్యకి, ప్రభువు నామంలో మీ అత్త రాయునది.

నీకు బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేయగానే వీధంతా నేనే చెప్పుకొచ్చాను. ఆ సంబరం సాయంత్రం దాకా నిలవనిచ్చావా? ‘ఆదివారం మన చర్చి ఆరాధన ఫోన్‌లో చూసుకుంటా, అక్కడ ఇంకో చర్చి ఎందుకు’ అన్నావట.

ప్రసంగం ఫోన్‌లో వినొచ్చు. మోకాళ్ళు లేవని రోజున నేనూ వింటాను. కానీ నువ్వు రాలేదని ఫోన్‌కి తెలియదు కదే!

మీ బాబాయి సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. మద్రాసులో పనికి కుదిరిన కొత్తల్లో వాడు చర్చి మానలేదు. పెద్ద చర్చే చూసుకున్నాడు. ఆలస్యంగా వెళ్ళి వెనక బల్ల మీద కూర్చోవడం, ఆశీర్వాదం అయ్యీ అవకముందే చెప్పులేసుకుని బయటపడటం. పాస్టరు గారికి పేరైనా చెప్పలేదు. వీడు మా సభ్యుడేనని మన సంఘం రాసిచ్చిన ఉత్తరం ఇస్తే చందాలు, కమిటీలు అంటారని పెట్టె అడుగున దాచాడు. టైఫాయిడ్ వచ్చి గదిలో పడ్డాడు. రెండు ఆదివారాలు కనపడకపోతే అడిగే దిక్కు లేదు. వాళ్ళననీ ఏం లాభం, ఉన్నాడని తెలిస్తే కదా లేడని తెలిసేది! అద్దె కోసం తలుపు తట్టిన ఇంటావిడ వాడి వాలకం చూసి హడలిపోయి, పెట్టె వెతికి, మాకు టెలిగ్రాం కొట్టించింది. ఆమెకు దొరికిన చిరునామా ఆ సంఘం ఉత్తరం మీదిదే. మీ తాత తీసుకొచ్చేసరికి లుంగీ వాడి నడుముకి ఒక చుట్టు ఎక్కువ తిరుగుతోంది.

ఇక్కడ నేను ఒక్క ఆదివారం మానితే సాయంత్రానికల్లా స్త్రీల సమాజం వాళ్ళు గుమ్మంలో ఉంటారు. సగం మంది కూపీ లాగడానికే వస్తారనుకో. జావ కాచి పోసేదీ వాళ్ళే.

1878 జులైలో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన పెద్దలూ అందులో ఉన్నారని నాయనమ్మ చెప్పేది. అంతకుముందు కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పని ఇప్పిస్తే కలిసి మట్టి మోసిన జనం, ఏటిలోకీ చుట్టం వెంట చుట్టంగా, పల్లెకు పల్లెగా దిగారు. మనకి విశ్వాసం వచ్చిన దారి అది.

సంఘం ఉత్తరానికి పాస్టరు గారితో చెప్పాను, వెళ్ళి తెచ్చుకో. బస్సుకి అందే దూరంలో తెలుగు ఆరాధన ఎక్కడుందో కనుక్కో. మొదటి ఆదివారమే ఉత్తరం చేతికియ్యి. సండే స్కూలు పిల్లల్ని చూసుకుంటానను, పని నెత్తినేసుకున్నదాన్ని రాకపోతే వెతుక్కుంటూ వస్తారు. గొడవల్లేని చర్చి మాత్రం వెతకొద్దు తల్లీ. మన దగ్గర ఫ్యాన్ల లెక్క మీద రెండు వర్గాలు ఏడాది మాట్లాడుకోలేదు, అయినా మీ తాత శవపెట్టెకి భుజం పట్టింది రెండు వర్గాలూ.

నీ ఇంటి ఓనరు నంబరు నాకు పంపు, కోపమొచ్చినా సరే. మీ నాన్నతో కారప్పొడి రెండు డబ్బాలు పంపుతున్నా. ఒకటి అక్కడి పాస్టరు అమ్మగారికి.

మీ అత్త