అమ్మాయికి ఉద్యోగం వస్తే రేషన్ కార్డు పోతుందా?

ప్రశ్న: మాది కరీంనగర్ పట్టణం. నా భర్త ఆటో నడుపుతారు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. బాబు ఇంటర్ చదువుతున్నాడు. డిగ్రీ పూర్తి చేసిన మా అమ్మాయికి బట్టల షోరూమ్‌లో నెలకు 13,000 జీతంతో ఉద్యోగం వచ్చింది. జీతం బ్యాంకులో పడితే రేషన్ కార్డు తీసేస్తారని, పీఎఫ్ లేకుండా చేతికే ఇవ్వమని అడగమని ఇరుగుపొరుగు అంటున్నారు. ఇంట్లో ఫ్రిజ్, స్కూటీ ఉన్నా కార్డు పోతుందని డీలరు చెప్పారు. అమ్మాయిని పంపమంటారా, వద్దంటారా? చెప్పాపెట్టకుండా కార్డు తీసేస్తే ఏం చేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: పంపండమ్మా. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది మీరు స్థిమితంగా చదువుకుంటారు.

మీ భయం బియ్యం గురించి కాదని నాకు తెలుసు. ఉత్త బియ్యమే అయితే మీరు ఇంత ఉత్తరం రాసేవారు కాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం చెప్పింది అర్హత ఉన్న కుటుంబంలో మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజల గురించే. తెలంగాణలో ఇప్పుడు ఇస్తున్నది 6 కిలోల సన్నబియ్యం. కానీ 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు, 500 రూపాయల సిలిండరు, 10 లక్షల దాకా ఆరోగ్యశ్రీ – ఇవన్నీ అదే కార్డుకు తగిలించారు. దాంతో బియ్యం కార్డు కాస్తా ఇంటిల్లిపాదికీ తాళంచెవి అయి కూర్చుంది. అది పోతే అన్ని తలుపులూ ఒకేసారి మూసుకుంటాయి.

ఇక ఆదాయం. తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు ఏడాది ఆదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు మించకూడదు. కార్డులో పేరున్న వారందరి సంపాదనా కలిపి చూస్తారు. మీ ఆయన ఆటోకు రోజంతా వచ్చిన వసూలును ఆదాయంగా రాయించకండి. ఇంధనం, మరమ్మతులు, ఫైనాన్స్ వాయిదా పోగా చేతిలో మిగిలేదే ఆదాయం. ఆ రసీదులు ఒక కవరులో దాచండి, తహసీల్దారు కార్యాలయంలో ఎవరైనా అడిగితే చూపవచ్చు. ఆయనకు రోజుకు 300 మిగిలి, నెలకు 25 రోజులు బండి తిరిగితే 7,500. మీ కుట్టుపని మీద మరో 2,500 అనుకుందాం. ఏడాదికి 1,20,000. ఇప్పటివరకు మీరు గీతకు ఇవతలే ఉన్నారు. అమ్మాయి జీతం 1,56,000 కలిస్తే మొత్తం 2,76,000. గీత దాటిపోయారు. ఈ లెక్కను నేను తీయగా చెప్పలేను: తనిఖీ జరిగితే కార్డు నిలబడటం కష్టం.

గీతను కొద్దిగా దాటినవారికి సాయం కొద్దిగా తగ్గాలి కదా అంటారేమో. అలాంటి మెట్లు మన నిబంధనల్లో లేవు, ఉన్నది గోడే. ఆ 2 లక్షల పరిమితి పెట్టి పదేళ్లు దాటింది. ఈలోగా కూలి రేట్లు, ఇంటి అద్దెలు ఎంత పెరిగాయో మీకు నేను చెప్పాలా? పిల్ల సంపాదనలో పడితే ఇల్లు నష్టపోతుందేమోనని తల్లి లెక్కలు వేసుకోవాల్సి రావడం నిబంధన రాసినవారి తప్పు, మీది కాదు.

అయినా ఆ లెక్క పూర్తిగా వేయండి. నలుగురికి 24 కిలోలు, కిలో 50 చొప్పున 1,200 రూపాయలు. కరెంటు, గ్యాస్ కలిపి మరో 1,200 అనుకోండి. నెలకు 2,400 పోతుంది, 13,000 వస్తుంది. మీ ఇరుగుపొరుగు ఈ తీసివేత మరిచిపోయారు.

పీఎఫ్ వద్దనమన్న సలహా మరీ నష్టం. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో, 15,000 లోపు జీతానికి పీఎఫ్ తప్పనిసరి. 13,000 మొత్తం మీద లెక్కిస్తే యజమాని తన వంతుగా వేయాల్సింది నెలకు 1,560. చూశారా, మీ ఇంటికి వచ్చే బియ్యం విలువకన్నా ఎక్కువ! చేతికి ఇవ్వమని అడిగితే యజమాని సంతోషంగా ఒప్పుకుంటాడు, ఎందుకంటే ఆ డబ్బు మిగిలేది ఆయనకే. పది మంది, అంతకు మించి ఉన్న చోట ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కూడా ఉంటుంది. అమ్మాయి జీతం నుంచి కోసేది నూటికి ముప్పావు రూపాయి, అంటే వంద రూపాయలు కూడా కాదు. దాని మీద ఆమెకు వైద్యం, రేపు కాన్పుకు 26 వారాల ప్రసూతి భృతి ఉంటాయి. ఆమె మీద ఆధారపడిన తల్లిదండ్రులకు, వారి సొంత ఆదాయం నిర్ణీత పరిమితి లోపు ఉంటే, వైద్యం అందుతుంది. మీ బాబుకు మాత్రం అందదు. తల్లిదండ్రులు ఉండగా తమ్ముడు అక్క కుటుంబం కిందికి రాడు. ఆరోగ్యశ్రీ పోతే నిజంగా గుచ్చుకునేది అక్కడే, కాబట్టి వాడి పేరున చిన్న ఆరోగ్య బీమా గురించి ఆలోచించండి.

దాచి నెట్టుకొద్దామన్నా, ప్రభుత్వ అధికారికి తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత కింద నేరం. ఒకే పొయ్యి మీద వండుకుంటూ అమ్మాయి వేరే కాపురం అని రాయించడమూ ఆ కోవలోదే. ఆమె పెళ్లయి అత్తవారింటికి వెళితే పేరు తీయించండి. అప్పుడు ఆమె జీతం మీ లెక్కలోకి రాదు, కార్డుకు మళ్లీ అర్హత రావచ్చు.

ఫ్రిజ్, స్కూటీ సంగతి డీలరు సొంత కవిత్వం. ఆయన పని వేలిముద్ర తీసుకుని తూకం వేయడం, అర్హత తేల్చడం కాదు. సొంత కారు ఉంటే అభ్యంతరం వస్తుంది గానీ, కూరగాయలు చెడకుండా పెట్టుకునే పెట్టె, అమ్మాయిని పనికి చేర్చే బండి విలాసాలు కావు. 1981లో ఫ్రాన్సిస్ కోరలీ ములిన్ కేసులో సుప్రీంకోర్టు జీవించే హక్కంటే ప్రాణంతో ఉండటం ఒక్కటే కాదని చెప్పింది. తిండి, బట్ట, నీడతో పాటు చదవడం, రాయడం, స్వేచ్ఛగా తిరగడం, నలుగురితో కలవడం కూడా అందులో చేర్చింది. ఆ కేసు వేసింది తన చిన్న కూతురిని చూడనివ్వమని అడిగిన నిర్బంధంలోని ఓ తల్లి. ఆ తీర్పు రేషన్ కార్డులకు నేరుగా వర్తించదు, కానీ స్కూటీ ఉందని కార్డు కోస్తే మీ వకీలు మొదట తెరిచే పేజీ అదే.

చెప్పకుండా తీసేస్తే ఊరుకోకండి. నోటీసు ఇచ్చి, మీ మాట విని, కారణం రాసి తీయాలి. తెలంగాణలో కంప్యూటర్‌తో రికార్డులు జల్లెడ పట్టి సుమారు 19 లక్షల కార్డులు రద్దు చేసిన వ్యవహారంలో, క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ జల్లెడలో ఓ రిక్షా కార్మికుడి పేరు దాదాపు అలాంటి పేరే ఉన్న కారు యజమానితో కలిసిపోయి, ఇంటికి బియ్యం ఆగిపోయాయి. మీకూ రేషన్ షాపు యంత్రంలో కార్డు చెల్లదని వస్తే డీలరుతో వాదించవద్దు. ఆ రోజే తేదీ వేసి, ఏ రికార్డు ఆధారంగా, ఎవరి సంతకంతో తీశారో సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. దానితో పాటు కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి పేరిట అర్జీ ఇచ్చి, దాని నంబరు రాయించుకోండి. అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు ఉంది. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది చేతిలో అర్జీ నంబరు ఉండదు. "సార్‌కు చెప్పాం, చూస్తామన్నారు" అంటారు. ఆ సార్ బదిలీ అయిపోయి ఉంటారు.

అమ్మాయి చేరిన మొదటి వారంలోనే నియామక పత్రం, యూఏఎన్ (పీఎఫ్ ఖాతాల గుర్తింపు) నంబరు, ఈఎస్ఐ నంబరు అడిగి తీసుకోమనండి. పత్రంలో మూల వేతనం ఎంత, అలవెన్సులు ఎంత అని విడగొట్టి రాస్తారు. పీఎఫ్ తగ్గించుకోవడానికి మూల వేతనాన్ని మరీ చిన్నది చేస్తే, ఆ కాగితం జిరాక్సు నాకు పంపండి.